నూటికి ఇద్దరో ముగ్గురో: హెపటైటిస్ బి, మీ ఉద్యోగం

వెయ్యిమంది పనిచేసే ఫ్యాక్టరీ ఏదైనా తీసుకోండి. మన దేశపు సగటు లెక్కన అందులో పదిమంది నుంచి ముప్పైమంది దాకా రక్తంలో, లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లూ షిఫ్టులకు వస్తారు, క్యాంటీన్‌లో అందరి పక్కన కూర్చుని తింటారు, ఓటీ చేస్తారు, పండక్కి అడ్వాన్సు అడుగుతారు. వాళ్లలో చాలామందికి తమ ఒంట్లో వైరస్ ఉన్న సంగతే తెలియదు. ఏళ్ల తరబడి పక్కన పనిచేస్తున్నవాళ్లకూ దానివల్ల ఏమీ కాలేదు.

ఈ లెక్క తెలియకపోవడం వల్ల పనిచేసే చోట రెండు రకాల నష్టం జరుగుతోంది. రక్తదాన శిబిరంలోనో కంపెనీ మెడికల్‌లోనో 'పాజిటివ్' అని తేలగానే కొందరు బెదిరిపోయి ఉద్యోగం మానేస్తారు. కొన్నిచోట్ల యాజమాన్యాలే మాన్పిస్తాయి. మిగతావాళ్లేమో మనకెందుకు వస్తుందిలే అని పరీక్షా చేయించుకోరు, టీకా వేయించుకోరు. మొదటి పొరపాటు జీతానికి ఎసరు పెడుతుంది, రెండోది ప్రాణానికి. ఈ వైరస్ మన మధ్య ఎంతగా ఉందో, ఎటునుంచి వస్తుందో తెలిస్తే ఈ రెండూ తప్పుతాయి.

ఎంతమందికి ఉంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022 నాటికి ప్రపంచంలో 25.4 కోట్లమంది దీర్ఘకాలిక హెపటైటిస్ బి తో ఉన్నారు. అందులో మన దేశం వాటా దాదాపు 3 కోట్లు. మనకన్నా ఎక్కువమంది ఉన్న దేశం చైనా ఒక్కటే. మన జనాభాతో భాగిస్తే నూటికి ఇద్దరికి కాస్త పైన తేలుతుంది.

ఇతర లెక్కలు చూస్తే అంకెలు మారతాయి. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం పత్రాల్లో సగటు నూటికి మూడు, నాలుగు అని కనిపిస్తుంది. ఒక్కో వర్గంలో 1.1 శాతం నుంచి 12.2 శాతం దాకా ఉన్నట్టు రాశారు. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కోసం 2015-16లో ఇళ్ల నుంచి సేకరించిన రక్త నమూనాలను తర్వాత పరీక్షిస్తే 0.95 శాతమే వచ్చింది. అండమాన్ నికోబార్ ఆదివాసుల్లో జరిగిన అధ్యయనాల్లో కొన్ని తెగల్లో 20 శాతం దాటింది.

ఈ తేడాలకు కారణముంది. ఆసుపత్రికి వచ్చినవాళ్ల రక్తం చూస్తే శాతం పెరుగుతుంది, ఎందుకంటే జబ్బుపడ్డవాళ్లే అక్కడికి వస్తారు. రక్తదాతల్లో చూస్తే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే లెక్కకొస్తారు. ఇంటింటి సర్వేలో జబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ కలుస్తారు. అందుకని ఎవరైనా శాతం చెబితే, ఎవరి రక్తం పరీక్షిస్తే వచ్చిన శాతమో అడగండి. ఉద్యోగం చేసే పెద్దల విషయంలో నూటికి ఒకరి నుంచి ముగ్గురు అనుకుంటే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. అంటే ఈ వైరస్ ఉన్న మనిషి ఎక్కడో ఉండడు. మీ డిపోలో, మీ బ్రాంచిలో, మీ అపార్ట్‌మెంటులో ఉంటాడు. అది మీరే కావచ్చు కూడా. ప్రపంచం మొత్తం మీద వైరస్ ఉన్నవాళ్లలో 13 శాతానికే ఆ సంగతి పరీక్షలో బయటపడింది. చికిత్స అందుతున్నది 3 శాతానికి. మన దేశంలో పరీక్షలు అంతకన్నా వెనకబడి ఉన్నాయి.

ఎప్పుడు వచ్చింది?

పాజిటివ్ అని తెలిసినవాళ్లను అందరూ అడిగే ప్రశ్న, 'ఎక్కడ తెచ్చుకున్నావు?' అని. ఆ ప్రశ్నలో ఒక నింద దాగి ఉంటుంది. దానికి జవాబు వైద్యశాస్త్రం దగ్గర ఉంది. పుట్టుకతోనో ఏడాదిలోపో ఈ వైరస్ సోకిన పసిపిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. అదే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై అయిదుమందిలో శరీరమే దాన్ని తరిమేస్తుంది. కాబట్టి ముప్పయ్యేళ్ల ఉద్యోగి రక్తంలో ఏళ్లుగా వైరస్ ఉందంటే, చాలావరకు అది తల్లి నుంచి కాన్పు సమయంలో వచ్చిందో, పసితనంలో సరిగ్గా శుద్ధిచేయని సూది వల్ల వచ్చిందో అయి ఉంటుంది. పెద్దయ్యాక లైంగిక సంబంధం ద్వారా, రక్తం ద్వారా కూడా వస్తుంది, నిజమే. కానీ ఒక మనిషి రిపోర్టు చూసి అతని నడవడికను అంచనా కట్టడం అన్యాయమే కాదు, లెక్కప్రకారం తప్పు కూడా.

వయసు సంగతి ఇంకో విధంగానూ పనికొస్తుంది. పసిపిల్లలకు హెపటైటిస్ బి టీకాను ప్రభుత్వం 2002-03లో కొన్ని జిల్లాల్లో, నగరాల్లో మొదలుపెట్టింది. 2007-08లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు విస్తరించింది. దేశమంతటా ఇస్తున్నది 2011 నుంచి. ఈరోజు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది అంతకు ముందే పుట్టారు. అంటే సొంతంగా వేయించుకుంటే తప్ప మీకు టీకా పడనట్టే.

సొంతంగా వేయించుకునే వీలు కలగడంలో హైదరాబాద్ పాత్ర ఉంది. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో శాన్‌వాక్-బి ని మార్కెట్లోకి తెచ్చింది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అదే. అప్పటిదాకా వందల రూపాయలు పెట్టి దిగుమతి టీకా కొనాల్సిన మధ్యతరగతికి ధర అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో ఊరూరా టీకా క్యాంపులు జరిగాయి. ఆ క్యాంపుల్లో మొదటి డోసు వేయించుకుని, మూడోది మర్చిపోయినవాళ్లు ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉన్నారు. వాళ్లు ఏం చేయాలో తర్వాత చెబుతాను.

పక్కసీటు నుంచి రాదు

కామెర్లు అనగానే మనవాళ్లు అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు. కలుషితమైన నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే కామెర్లకు సాధారణంగా కారణం హెపటైటిస్ ఏ, ఇ వైరస్‌లు. బి రకం దారి వేరు: రక్తం, వీర్యం, యోని స్రావాలు, కాన్పు. కాబట్టి కలిసి తినడం, ఒకే గ్లాసులో నీళ్లు తాగడం, ఒకే మరుగుదొడ్డి వాడడం, చేయి కలపడం, దగ్గు, తుమ్ము, దోమకాటు, వీటిలో దేనివల్లా హెపటైటిస్ బి రాదు. క్యాంటీన్‌లో వంటమనిషికి ఉన్నా వంటద్వారా రాదు.

జాగ్రత్త పడాల్సింది రక్తం అంటుకునే చోట్లే. రేజరు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర హాస్టల్ గదుల్లో, లేబర్ క్యాంపుల్లో ఒకరివి ఒకరు వాడకూడదు. రక్తం ఎండిపోయినా ఈ వైరస్ బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. సెలూన్‌లో మీ కళ్లముందు కొత్త బ్లేడు మార్చమని అడగడానికి మొహమాటపడొద్దు. పచ్చబొట్టు వేయించుకుంటే కొత్త సూది విప్పి వాడారో లేదో చూసుకోండి.

ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, నీరసానికి సెలైన్ అనే అలవాటు కూలీల్లో, డ్రైవర్లలో చాలా ఉంది. మాత్రతో తగ్గేదానికి సూది అడక్కండి. తప్పనిసరైతే కొత్త సిరంజి కవరు మీ ముందే చింపమనండి. 2009లో గుజరాత్‌లోని మోడాసా ప్రాంతంలో వాడిన సిరంజీలనే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్ బి విజృంభించి పదులమంది చనిపోయారు.

పసరు మందు సంగతి కూడా చెప్పుకోవాలి. కామెర్లు వస్తే ముక్కులో పసరు పోయించుకోవడం, చేతిమీద వాత పెట్టించుకోవడం మన పల్లెల్లో ఇంకా ఉంది. పెద్దవాళ్లకు కొత్తగా హెపటైటిస్ బి సోకితే నూటికి తొంభై అయిదుమందికి దానంతటదే తగ్గుతుందని పైన చూశాం. ఏ, ఇ రకాలూ ఎక్కువమందిలో వాటంతటవే తగ్గుతాయి. ఆ మంచిపేరంతా పసరు ఖాతాలో పడుతుంది. మిగిలిన అయిదుగురు కళ్లు తెల్లబడగానే తగ్గిపోయిందనుకుని ఇంటికి పోతారు. లోపల లివర్ నెమ్మదిగా పాడవుతూ ఉంటుంది. ఎవరి దగ్గర మందు తీసుకున్నా రక్తపరీక్ష మాత్రం మానకండి.

ముందు పరీక్ష, తర్వాత టీకా

పరీక్ష పేరు హెచ్‌బీఎస్‌ఏజీ. వేలికొన నుంచో చేతి నరం నుంచో కాస్త రక్తం తీస్తే చాలు. ప్రభుత్వ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. బయట ల్యాబుల్లోనూ పెద్ద ఖర్చు కాదు. వీలైతే దాంతోపాటు యాంటీ-హెచ్‌బీఎస్, యాంటీ-హెచ్‌బీసీ కూడా చేయించండి. మొదటిది ఇప్పుడు వైరస్ ఉందో లేదో చెబుతుంది. రెండోది రక్షణ ఉందో లేదో చెబుతుంది. మూడోది ఎప్పుడైనా సోకిందో లేదో చెబుతుంది.

మూడూ నెగెటివ్ అయితే టీకా వేయించుకోండి. మామూలుగా మూడు డోసులు: ఈరోజు ఒకటి, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. భుజం కండకు వేయాలి. మధ్యలో ఆలస్యమైతే మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన డోసు నుంచి కొనసాగించవచ్చు. ఏనాటి క్యాంపులోనో ఒకటి రెండు డోసులు వేయించుకుని మానేసినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కార్డు పోయి ఏమీ గుర్తులేకపోతే డాక్టరుతో మాట్లాడి కొత్తగా వేయించుకున్నా నష్టం లేదు.

ఒక చిన్న జాగ్రత్త. టీకా వేసుకున్న తర్వాత రెండు మూడు వారాలపాటు కొందరికి హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. టీకాలో ఉండేది ఆ పదార్థమే కాబట్టి. ఉద్యోగానికో వీసాకో మెడికల్ ఉంటే, దానికి ముందు నెలలో టీకా వేయించుకోకండి. లేదా టీకా తేదీ ఉన్న కార్డు వెంట తీసుకెళ్లండి.

ఇప్పటికే వైరస్ ఉన్నవాళ్లకు టీకా పనిచేయదు. అందుకే ముందు పరీక్ష అంటున్నది. పరీక్ష లేకుండా టీకా వేయించుకుని, నాకు రక్షణ ఉందనుకుని నిశ్చింతగా తిరిగేవాళ్లలో వైరస్ ఉన్నవాళ్లూ ఉంటారు.

పాజిటివ్ వస్తే మొదటి నెలలో

రాజీనామా రాయకండి. ఎవరికీ ఫోన్లు చేసి చెప్పకండి. ఇంటర్నెట్‌లో 'నెలలో నెగెటివ్ చేస్తాం' అని కనిపించే మందులు కొనకండి. చేయాల్సినవి ఇవి.

మొదట, వేరే ల్యాబులో పరీక్ష ఖాయం చేసుకోండి. రక్తదానం చేసినప్పుడు తెలిసిందైతే, బ్లడ్ బ్యాంకులో చేసేది వడపోత పరీక్ష మాత్రమేనని గుర్తుంచుకోండి. మళ్లీ పాజిటివ్ వస్తే డాక్టరు దగ్గరకు వెళ్లండి. గ్యాస్ట్రో లేదా లివర్ నిపుణుడైతే మంచిది. జిల్లా ఆసుపత్రికి వెళ్లినా అక్కడినుంచి చికిత్సా కేంద్రానికి పంపుతారు. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం.

డాక్టరు చూసేవి ముఖ్యంగా మూడు: లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ ఎంత ఉంది, రక్తంలో వైరస్ ఎంత ఉంది, లివర్ గట్టిపడిందా. వైరస్ లెక్కకు హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్ష, గట్టిదనానికి ఫైబ్రోస్కాన్ లేదా అల్ట్రాసౌండ్ చేస్తారు. ఆరు నెలల తర్వాత కూడా హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలికం అంటారు. అలా ఉన్న ప్రతివాళ్లకూ మందు అవసరం పడదు. అవసరమైనవాళ్లకు టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్, రోజుకొక మాత్ర. ఆ మాత్ర వైరస్‌ను అణచి ఉంచుతుంది. పూర్తిగా పోవడం అరుదు. అందుకే రిపోర్టు నెగెటివ్ కాలేదని దిగులుపడి మానేయకూడదు. ఉన్నట్టుండి ఆపితే వైరస్ విజృంభించి లివర్ ప్రమాదంలో పడవచ్చు. నైట్‌షిఫ్టులు చేసేవాళ్లు మాత్రకు ఒక వేళ పెట్టుకోండి. డ్యూటీ మారినా అది మారకుండా ఉండేలా చూసుకోండి.

మందు అవసరం లేదన్నా ఆరు నెలలకోసారి పరీక్షలకు వెళ్లాల్సిందే. ఈ వైరస్ ఏళ్ల తరబడి లోపలున్న పెద్దవాళ్లలో నూటికి 20 నుంచి 30 మందికి లివర్ గట్టిపడడమో క్యాన్సరో వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వచ్చేదాకా ఒంట్లో ఏ బాధా కనిపించకపోవచ్చు. మద్యం పూర్తిగా మానేయండి. మరో జబ్బుకు స్టెరాయిడ్లు, కీమోథెరపీ వంటివి ఇస్తామంటే మీకు హెపటైటిస్ బి ఉన్న సంగతి ఆ డాక్టరుకు ముందే చెప్పండి. అవి నిద్రపోతున్న వైరస్‌ను లేపగలవు.

ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయించి, లేనివాళ్లకు టీకా వేయించండి. జీవిత భాగస్వామికి రక్షణ వచ్చిందని తేలేదాకా కండోమ్ వాడాలి. పెళ్లి, పిల్లలు, తల్లిపాలు, వేటికీ ఇది అడ్డం కాదు. గర్భిణికి ఉంటే ఆసుపత్రిలో తప్పక చెప్పండి. బిడ్డ పుట్టిన ఇరవైనాలుగు గంటల్లోపు టీకా, దానితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారై ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ ఇస్తే బిడ్డకు దాదాపుగా తప్పించవచ్చు.

ఆఫీసులో ఎవరికి చెప్పాలి?

సాధారణ ఉద్యోగాల్లో, అంటే ఆఫీసు, షాపు, బడి, బస్సు, ఫ్యాక్టరీ, వంట, ఏదైనా సరే, మీ వైరస్ వల్ల ఎవరికీ ప్రమాదం లేదు కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదు. ఆసుపత్రికి వెళ్లడానికి సెలవు కావాలంటే 'లివర్ చెకప్' అని రాస్తే సరిపోతుంది. అంతకన్నా వివరం అడిగితే కంపెనీ డాక్టరుకే చెప్పండి. సూపర్‌వైజరుకో, టీ దగ్గర స్నేహితుడికో చెప్పేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఒకసారి బయటికెళ్లిన మాటను వెనక్కి తీసుకోలేం.

చట్టం విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఉద్యోగంలో వివక్ష చూపకూడదని 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. హెపటైటిస్ బి కి అలాంటి ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. ప్రభుత్వోద్యోగంలో అయితే రాజ్యాంగంలోని 14, 16 అధికరణాల కింద సమానత్వం అడగవచ్చు. ప్రైవేటులో పోరాటం కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. అందుకని 'ఈ ఉద్యోగి చేసే పనికి వైద్యపరంగా అర్హుడు' అని మీ డాక్టరు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. మెడికల్‌లో తీసేశారంటే, కారణం కాగితం మీద ఇవ్వమని అడగండి. నోటిమాటతో పంపించేస్తే ఆరోజే ఈమెయిల్ రాసి తేదీ నమోదయ్యేలా చూసుకోండి. పోలీసు, రక్షణ దళాల వంటి ఉద్యోగాలకు వైద్య ప్రమాణాలు వేరుగా ఉంటాయి. నోటిఫికేషన్‌లో ఆ భాగం చదివి, రివ్యూ మెడికల్‌కు గడువు ఉంటే దాటనివ్వకండి.

చైనా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఆ దేశంలో 1992 సర్వేలో నూటికి దాదాపు పదిమందికి, 2006 సర్వేలో ఏడుగురికి ఈ వైరస్ ఉంది. అంతమందికి ఉన్న దేశంలోనే ఉద్యోగాల దగ్గర వాళ్లను ఏరి పారేసేవారు. 2003లో అన్‌హుయి రాష్ట్రంలోని ఊహూ నగరంలో ప్రభుత్వోద్యోగ పరీక్షలో మొదటి స్థానంలో నిలిచిన ఒక యువకుణ్ణి ఈ కారణంగానే పక్కన పెట్టారు. అతను కోర్టుకు వెళ్లి 2004లో గెలిచాడు. కానీ అప్పటికే ఆ పోస్టు వేరేవాళ్లకు వెళ్లిపోయింది. ఆ కేసు తర్వాత నిబంధనలు మారుతూ వచ్చాయి. 2010లో ఉద్యోగ మెడికల్‌లో, బడి ప్రవేశాల్లో హెపటైటిస్ బి పరీక్ష చేయడాన్నే చైనా నిషేధించింది. మరోపక్క పసిపిల్లలకు టీకా వేస్తూ పోయింది. 2014 సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో వైరస్ 0.32 శాతానికి దిగింది. అక్కడ లెక్క తగ్గించింది టీకా. ఉద్యోగాల నుంచి తీసేయడం వల్ల తగ్గిందేమీ లేదు.

గల్ఫ్ వెళ్లేవాళ్లకు

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి వైపు నుంచి, కడప, అన్నమయ్య, కోనసీమ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. సౌదీ, కువైట్ తదితర గల్ఫ్ సహకార మండలి దేశాలకు వెళ్లేముందు గుర్తింపు పొందిన కేంద్రంలో మెడికల్ ఉంటుంది. ఒకప్పుడు గామ్‌కా మెడికల్ అనేవారు, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. అందులో హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ వస్తే సాధారణంగా 'అన్‌ఫిట్' రాస్తారు. ఆ ఫలితం కంప్యూటర్లో నమోదై మండలి దేశాలన్నింటికీ కనిపిస్తుంది.

న్యాయమా అంటే కాదు. కానీ నియమం అలా ఉన్నంతకాలం మన జాగ్రత్త మనం పడాలి. ఏజెంటుకు పైసా ఇవ్వకముందు, అప్పు చేయకముందు, బంగారం కుదువ పెట్టకముందు జిల్లా ఆసుపత్రిలో ఈ ఒక్క పరీక్ష చేయించుకోండి. పాజిటివ్ అయితే డబ్బు మిగులుతుంది, అప్పు తప్పుతుంది, చికిత్స మొదలవుతుంది. 'రిపోర్టు మేనేజ్ చేస్తాం, వేరేవాళ్ల రక్తం ఇప్పిస్తాం' అనే దళారిని నమ్మితే రెండుసార్లు మునుగుతారు. అక్కడ దిగాక రెసిడెన్సీకి మళ్లీ మెడికల్ ఉంటుంది, పట్టుబడితే తిప్పి పంపిస్తారు, ఇక్కడ అప్పు అలాగే ఉంటుంది.

నెగెటివ్ ఉన్నవాళ్లు వెళ్లేముందే మూడు డోసులు పూర్తిచేసుకోండి. లేబర్ క్యాంపులో ఒకే గదిలో పదిమంది, ఒకే అద్దం ముందు రేజర్లు, అక్కడ సోకితే తర్వాతి మెడికల్ దాకా తెలియదు. ఇళ్లలో పనికి, పిల్లల్ని చూసుకోవడానికి, సెలూన్లలో పనికి యూఏఈ వెళ్లేవాళ్లకు హెపటైటిస్ బి పరీక్ష ప్రత్యేకంగా ఉంటుంది. టీకా కార్డు మీ పాస్‌పోర్టుతోపాటే ఉంచుకోండి. ఈ వైరస్ వల్ల గల్ఫ్ దారి మూసుకుపోయినా విదేశాలన్నీ మూసుకుపోలేదు. ప్రతి దేశానికీ నియమం వేరు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల్లో అడిగి కనుక్కున్నాకే వేరే దేశానికి దరఖాస్తు పెట్టండి.

సూదులతో, రక్తంతో పనిచేసేవాళ్లకు

నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, డయాలసిస్ సిబ్బంది, దంతవైద్యుల సహాయకులు, ఆసుపత్రి ఆయాలు, పారిశుద్ధ్య కార్మికులు, చెత్త వేరుచేసేవాళ్లు, మంగలి పనివాళ్లు, పచ్చబొట్లు వేసేవాళ్లకు టీకా కూడా పనిముట్టే. టీకా లేని మనిషికి, హెపటైటిస్ బి ఉన్నవాళ్ల రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వైరస్ సోకే అవకాశం నూటికి 6 నుంచి 30 దాకా ఉంటుంది. అదే సూది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లదైతే వెయ్యికి మూడు. మనం దేనికి ఎక్కువ భయపడుతున్నామో, దేనికి పడాలో ఈ రెండు అంకెల్లో తెలుస్తుంది.

2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఆసుపత్రి వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఉద్యోగికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం ఆసుపత్రి బాధ్యత. మీరు కాంట్రాక్టరు కింద ఉన్నా ఆ హక్కు మీకుంది. నాకు టీకా ఎప్పుడు వేశారో చూపించండి అని అడగండి, లేకపోతే యూనియన్ ద్వారా రాతపూర్వకంగా అడగండి. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ చూడాలి. 10 యూనిట్లు లేదా అంతకుమించి ఉంటే రక్షణ వచ్చినట్టు.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలో ముందే నోటికి వచ్చి ఉండాలి. సబ్బు, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పి రిజిస్టర్‌లో రాయించాలి. సూది ఎవరిదో తెలిస్తే వాళ్ల రక్తం పరీక్షించాలి. టీకా లేనివాళ్లకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇరవైనాలుగు గంటల్లో, ఎంత ఆలస్యమైనా ఏడు రోజుల్లోపు ఇచ్చి, టీకా కూడా మొదలుపెట్టాలి. 'డ్యూటీ అయ్యాక చూద్దాం' అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఆరోగ్య సిబ్బందిలో ఎవరికైనా పాజిటివ్ వస్తే వృత్తి అయిపోయినట్టు కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2012లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం, వైరస్ ఉందన్న కారణంతో విద్యార్థుల్ని, ఉద్యోగుల్ని వైద్యరంగం నుంచి తప్పించకూడదు. చేతికి గాయమై రోగికి రక్తం అంటుకునే అవకాశమున్న శస్త్రచికిత్సల వంటి వాటికే పరిమితులు. వైరస్ లెక్కను మందుతో తగ్గించి ఉంచుకుంటే వాటికీ దారి ఉంటుంది.

ఇన్సూరెన్స్, యాజమాన్యం

కొత్తగా ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు హెపటైటిస్ బి సంగతి దాచకండి. దాస్తే క్లెయిమ్ రోజు పాలసీయే పోవచ్చు. 2024 నిబంధనల ప్రకారం ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా మూడేళ్లు. కంపెనీ గ్రూప్ పాలసీల్లో చాలావాటికి ఆ నిరీక్షణ ఉండదు. హెచ్‌ఆర్‌ను అడిగేటప్పుడు జబ్బు పేరు చెప్పకుండా 'ముందే ఉన్న జబ్బులు మొదటిరోజు నుంచి కవరవుతాయా' అని అడగండి. ఈఎస్‌ఐ కింద ఉన్నవాళ్లు ఆ ఆసుపత్రుల్లోనే వైద్యం పొందవచ్చు.

హెచ్‌ఆర్ వాళ్లకూ, చిన్న యజమానులకూ ఒక మాట. చేరేముందు మెడికల్‌లో ఈ పరీక్ష ఎందుకు పెట్టారో ఒకసారి ప్రశ్నించుకోండి. గుమస్తాకో వెల్డర్‌కో దానివల్ల ప్రయోజనం లేదు. పైగా నెగెటివ్ వచ్చినవాళ్లను మాత్రమే తీసుకున్నా, ఏళ్లుగా మీ దగ్గర పనిచేస్తున్న వందమందిలో ఇద్దరో ముగ్గురో ఎలాగూ ఉంటారు. ఆ డబ్బుతో స్వచ్ఛందంగా, రహస్యంగా పరీక్ష చేయించి, టీకా క్యాంపు పెట్టండి. రక్తదాన శిబిరం పెడితే ఫలితాలు దాత చేతికే వెళ్లాలి. జాబితా ఆఫీసుకు రాకూడదని బ్లడ్ బ్యాంకుకు ముందే చెప్పండి. ప్రథమ చికిత్స పెట్టెలో గ్లవ్స్ ఉంచి, రక్తం కారిన ఏ గాయాన్నైనా గ్లవ్స్‌తోనే ముట్టుకోవాలని నియమం పెట్టండి. ఆ నియమం అందరి రక్తానికీ వర్తించాలి. ఎవరికి వైరస్ ఉందో ఏరాల్సిన అవసరం అప్పుడు ఉండదు.

ఈ నెలలో చేయాల్సినవి

ఈ లెక్కలో మీరు ఏ వైపున్నారో తెలియకపోతే, వచ్చే సెలవురోజున హెచ్‌బీఎస్‌ఏజీ చేయించండి. నెగెటివ్ వస్తే మొదటి డోసు వేయించుకుని, మిగతా రెండు తేదీలు ఫోన్లో అలారం పెట్టుకోండి. పాజిటివ్ వస్తే జిల్లా ఆసుపత్రిలో పేరు నమోదు చేయించుకుని, ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్లండి, మర్నాడు మాత్రం మామూలుగా డ్యూటీకి వెళ్లండి. గల్ఫ్ ఆలోచన ఉంటే ఏజెంటు కన్నా ముందు ల్యాబుకు వెళ్లండి. సూదులతో పనిచేస్తుంటే టీకా కార్డు తీసి మూడో డోసు తేదీ చూడండి. మీ పక్కసీటు మనిషి రిపోర్టు ఏమిటని మాత్రం అడగకండి. అది మీకు తెలియాల్సిన అవసరం లేదు. మీ రిపోర్టు తెలిస్తే చాలు.